టోక్యోలో ఏ నెలకు ఏ పార్కు? షింజుకు గ్యోఎన్, షోవా కినెన్, ఉయెనో

టోక్యోలో పార్కుకు వెళ్లాలనుకుంటే ముందు తేదీ తేల్చుకోండి, తర్వాత వెంట ఎవరు వస్తున్నారో చూసుకోండి, పార్కు పేరు ఆఖర్న ఎంచుకోండి. ఫొటోలో నచ్చిన పార్కును ముందే ఖాయం చేసుకుని ఏప్రిల్ 12న సకురా (చెర్రీ పూలు) కోసం ఉయెనో వెళ్తే మామూలు సంవత్సరంలో పచ్చని ఆకులే కనిపిస్తాయి. అదే రోజు షింజుకు గ్యోఎన్‌లో వేరే రకం సకురా ముద్దగా పూసి ఉంటుంది, షోవా కినెన్‌లో టులిప్‌లు వరుసలు కట్టి ఉంటాయి.

మూడింటి స్వభావం వేరు. షింజుకు గ్యోఎన్ నగరం నడిబొడ్డున 58 హెక్టార్ల తోట, మన లెక్కలో 144 ఎకరాలు. జపాన్ చరిత్రలో ‘ఎదో’ అని పిలిచే కాలంలో (1603-1868) నైతో అనే సామంత కుటుంబం ఉన్న స్థలం ఇది. 1906లో రాజకుటుంబపు ఉద్యానవనం అయింది, 1949లో ప్రజలకు తెరిచారు. పెద్దలకు టికెట్ 500 యెన్లు, 65 దాటినవారికి, హైస్కూలు, కాలేజీ విద్యార్థులకు 250, అంతకంటే చిన్నపిల్లలకు ఉచితం. నిశ్శబ్దంగా నడవడానికి, కూర్చోవడానికి కట్టిన తోట కాబట్టి నియమాలు కూడా గట్టిగానే ఉంటాయి.

షోవా కినెన్ పార్కు పడమటివైపు తచికావాలో ఉంది. షింజుకు నుంచి చువో లైన్ స్పెషల్ రాపిడ్ ఎక్కితే సుమారు 25 నిమిషాలు. ఒకప్పుడు సైనిక విమానాశ్రయం ఉన్న నేల ఇది. షోవా చక్రవర్తి పాలనకు 50 ఏళ్లు నిండిన గుర్తుగా 1983లో పార్కుగా తెరిచారు. విస్తీర్ణం 400 ఎకరాల పైమాటే. టికెట్ పెద్దలకు 450 యెన్లు, 65 దాటితే 210, జూనియర్ హైస్కూలు వరకు పిల్లలకు ఉచితం. ఇది చూసే తోట కాదు, ఆడుకునే మైదానం. కాలినడకన ఒక్క రోజులో అంతా చూడాలనుకోవద్దు.

ఉయెనో 1873 నాటిది, జపాన్‌లో ప్రభుత్వ పార్కులుగా ప్రకటించిన మొదటి కొన్నింటిలో ఒకటి. ప్రవేశం ఉచితం. జూ, నేషనల్ మ్యూజియం, వాస్తుశిల్పి లె కార్బుజియే డిజైన్ చేయగా 1959లో కట్టిన మ్యూజియం, షినోబాజు చెరువు అన్నీ అక్కడే. రద్దీ కూడా అక్కడే.

సకురా: ఎన్ని వారాల బీమా?

టోక్యోలో కనిపించే సకురాలో ఎక్కువ భాగం సొమేయి యోషినో రకం. బంగినపల్లి అంటుమొక్కల్లాగే ఇవన్నీ అంటు కట్టి పెంచినవి కాబట్టి చెట్లన్నీ ఒకే స్వభావంతో ఒకేసారి పూస్తాయి. చూడ్డానికి అద్భుతంగా ఉండేదీ అందుకే, ప్రయాణం ఖరారు చేసుకున్నవాళ్లకు గుండె దడ పుట్టించేదీ అందుకే. యాసుకుని మందిరంలోని ఒక నమూనా చెట్టు మీద 5, 6 పూలు విచ్చుకుంటే వాతావరణ శాఖ ‘పూత మొదలైంది’ అని ప్రకటిస్తుంది. టోక్యోలో దీని సగటు తేదీ మార్చి 24. చెట్టులో 80 శాతం పూస్తే నిండు పూత, దాని సగటు మార్చి 31. ఆ తర్వాత వారం రోజులు చూడొచ్చు. నడుమ గాలివాన వస్తే రెండు రోజుల్లో అయిపోతుంది.

తేదీని ముందే ఊహించడానికి జపాన్‌లో ఒక మోటు లెక్క వాడతారు. ఫిబ్రవరి 1 నుంచి ప్రతిరోజూ పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతను కూడుతూ పోవాలి. మొత్తం 600 డిగ్రీలకు చేరిన రోజుకు అటూఇటుగా పూత మొదలవుతుంది. టోక్యోలో ఫిబ్రవరి సగటు గరిష్ఠం 10.9 డిగ్రీలు. నెలాఖరుకు సుమారు 305 అవుతుంది. మార్చిలో రోజుకు 14 చొప్పున వేసుకుంటే మిగిలిన 295 పూర్తి కావడానికి 21 రోజులు, అంటే మార్చి 21. ఫిబ్రవరి వెచ్చగా గడిస్తే తేదీ ముందుకు జరుగుతుంది, చలి పట్టుబడితే వెనక్కి పోతుంది. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో టికెట్లు కొనేది నాలుగైదు నెలల ముందు కాబట్టి ఈ లెక్క అప్పటికి పనికిరాదు. కానీ ప్రయాణానికి మూడు వారాల ముందు ఏ రోజు ఏ పార్కుకు వెళ్లాలో సర్దుకోవడానికి బాగా ఉపయోగపడుతుంది.

ఇక్కడే షింజుకు గ్యోఎన్ మిగతా రెండింటినీ దాటిపోతుంది. ఇందులో పదుల రకాల సకురా ఉంది. కాన్‌జకురా ఫిబ్రవరిలోనే పూస్తుంది, కొమ్మలు వాలే రకాలు మార్చి మధ్య దాటాక వస్తాయి, ఆపైన సొమేయి యోషినో, ఏప్రిల్ మధ్యలో ఇచియో, ఇంకాస్త తర్వాత ముదురు గులాబీ రంగు కాన్‌జాన్. చివరి రెండూ ముద్దపూలు, ఒక్కో పువ్వులో రేకలు దొంతరలుగా ఉంటాయి. 1952 నుంచి 2019 దాకా ప్రధానమంత్రి సకురా విందు ఈ తోటలో జరిగింది కూడా ఎక్కువగా ఏప్రిల్ మధ్యలోనే, ఈ ముద్దపూల కోసమే. మీ తేదీ మార్చి 20 నుంచి ఏప్రిల్ 20 దాకా ఎక్కడ పడినా గ్యోఎన్‌లో ఏదో ఒక సకురా దొరుకుతుంది. ఒక్క పార్కుకే సమయం ఉన్నవాళ్లకు మా సలహా ఇదే.

ఉయెనో అలా కాదు. నడిదారికి రెండు వైపులా ఉన్న చెట్లు చాలావరకు ఒక్కసారే పూసి ఒక్కసారే రాలతాయి. మీ తేదీ మార్చి 28, ఏప్రిల్ 4 మధ్య పడి, రాత్రి లాంతర్ల వెలుగులో, జనసందోహంలో, కింద నీలం పట్టాలు పరుచుకుని తింటూ తాగుతూ కూర్చునే జపాన్‌ను చూడాలనుకుంటే ఉయెనోకే వెళ్లండి. గ్యోఎన్‌లో రాత్రి ఉండనివ్వరు, మద్యం అసలే కుదరదు.

షోవా కినెన్‌లో సకురా ఉంది, దాని పక్కన పసుపు ఆవపూల తోట పరుచుకుని ఉంటుంది కాబట్టి గులాబీ, పసుపు రంగులు ఒకే చట్రంలోకి వస్తాయి. కానీ షోవా అసలు బలం సకురా అయిపోయాక మొదలవుతుంది. ఏప్రిల్‌లో నీటి అంచున టులిప్‌లు, నెలాఖరు నుంచి మే మొదటి వారం దాకా నీలం నెమోఫిలా, మే మధ్య నుంచి ఉత్తరం వైపు పూల గుట్టంతా ఎర్రని పాపీలు. సకురా తప్పిపోయిందని నిరాశపడే కుటుంబాలకు ఇంతకంటే మంచి మందు టోక్యోలో లేదు. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా ఉండే సెలవుల వారం మాత్రం వదిలేయండి. దారులన్నీ జనంతో, సైకిళ్లతో నిండిపోతాయి.

సకురా వేళ జరిగే పొరపాట్లు మూడు. మొదటిది చలి. పూలు చూసి ఎండాకాలం అనుకుంటారు, పగలే 14, 15 డిగ్రీలు ఉంటుంది, నీడలో నేల మీద గంట కూర్చుంటే చలి కింద నుంచి ఎక్కుతుంది. పలచని ప్లాస్టిక్ పట్టా చాలదు, దాని మీద మందపాటి దుప్పటో మడత చాపో ఉండాలి. రెండోది బుకింగ్. ఇటీవలి సంవత్సరాల్లో నిండు పూత వారాంతాల్లో గ్యోఎన్‌కు ముందస్తు బుకింగ్ తప్పనిసరి చేస్తున్నారు, ఏయే రోజులన్నది ఏటా మారుతుంది, వెళ్లే ముందు తోట వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. మూడోది ద్వారం. అందరూ షింజుకు ద్వారం దగ్గరే వరుస కడతారు. సెందగయా ద్వారం నుంచి వెళ్తే సకురా తోట, పెద్ద పచ్చిక బయలు దగ్గర, వరుస కూడా సాధారణంగా చిన్నది.

వానలు, ఎండ

టోక్యోలో వానాకాలం సగటున జూన్ 7 నుంచి జూలై 19 దాకా. మన తొలకరిలా దంచి కొట్టి వెలిసే వాన కాదు, రోజంతా నస పెట్టే వాన. ఈ రోజుల్లో గ్యోఎన్‌లోని గాజు గ్రీన్‌హౌస్ మంచి ఆసరా. టికెట్‌లోనే ప్రవేశం, ఉష్ణమండల మొక్కలు, కలువలు, ఆర్కిడ్లు ఉంటాయి. ఇది ఓకిదో ద్వారం పక్కనే ఉంది కాబట్టి వాన రోజు ఆ ద్వారం నుంచే లోపలికి వెళ్లండి. గ్రీన్‌హౌస్‌ను తోట కంటే ముందే మూసేస్తారు, అందుకే దాన్ని మొదట చూసి తర్వాత మిగతాది చూడాలి.

జూలై, ఆగస్టు మధ్యాహ్నాలు ఏ పార్కూ వద్దు. ఆగస్టు సగటు గరిష్ఠం 31 డిగ్రీల పైన. రాజమండ్రి వాళ్లకు ఆ అంకె చిన్నదిగా కనిపిస్తుంది, కానీ గాలిలో తేమ మచిలీపట్నం తీరంలా పట్టేస్తుంది. షోవా మైదానంలో నీడ తక్కువ, ఎనిమిదేళ్ల పిల్లవాడు అరగంటలో సొమ్మసిల్లే పరిస్థితి వస్తుంది. ఈ రెండు నెలల్లో చూడదగ్గది ఒక్కటే, ఉయెనోలోని షినోబాజు చెరువు తామరలు. అవి తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటాయి. ఒక్కో పువ్వు ఆయుష్షు నాలుగు రోజులు, మూడో రోజు దాకా రోజూ విచ్చి ముడుచుకుని, నాలుగో రోజు రేకలు రాలుస్తుంది. 6 నుంచి 8 గంటల మధ్య వెళ్తే పూలూ దొరుకుతాయి, ఎండా తగలదు. ఉయెనో తెల్లవారి 5 గంటలకే తెరుచుకుంటుంది. గ్యోఎన్ 9కి, షోవా 9:30కి గాని తెరవరు.

దోమల మందు మర్చిపోకండి. 2014లో యోయోగి పార్కు కేంద్రంగా డెంగీ వ్యాపిస్తే ఆ పార్కుతో పాటు గ్యోఎన్‌ను కూడా కొన్నాళ్లు మూసేశారు. ఆ తర్వాత అంత పెద్దగా రాలేదు కానీ వేసవిలో పొదల పక్కన చీకటిపడే వేళ దోమలు మాత్రం మామూలే.

నవంబర్

ప్రయాణ తేదీ మీ చేతిలో ఉంటే నవంబర్ 8 నుంచి డిసెంబర్ 5 మధ్య రండి. సకురా ఒక వారపు జూదం. శరదృతువు రంగులు నాలుగు వారాలు సాగుతాయి, ఒక చెట్టు రాలేసరికి ఇంకో రకం రంగు తిరుగుతుంది. ఆకాశం తేటగా ఉంటుంది, తుపానుల కాలం దాటిపోయి ఉంటుంది. విమాన టికెట్లూ, హోటల్ గదులూ మార్చి ఆఖరంత ఒత్తిడిలో ఉండవు.

రాత్రి ఉష్ణోగ్రత 8 డిగ్రీల దిగువకు పడుతున్నకొద్దీ ఆకుల రంగు మారుతుంది. కాంక్రీటు వేడి పట్టుకునే నగరం నడిబొడ్డు కంటే తచికావాలో రాత్రులు ముందుగా చల్లబడతాయి, అందుకే షోవాలో రంగులు గ్యోఎన్ కంటే ముందు వస్తాయి. ఈ తేడాను ఆసరా చేసుకుంటే ఎంపిక తేలికైపోతుంది.

నవంబర్ మొదటి సగమైతే షోవాలో గింకో అనే, ఆకులు పసుపు రంగు తిరిగే చెట్ల వీథులు. తచికావా ద్వారం దాటగానే పొడవాటి కాలువకు రెండు వైపులా 200 మీటర్ల మేర చెట్లు, లోపల ఇంకో 300 మీటర్ల బాట. కాలువ పక్కవి ఏటా గట్టిగా కత్తిరించడం వల్ల గుండ్రంగా, పొట్టిగా ఉంటాయి, లోపలి బాటలోవి కొమ్మలు కలిసి పందిరిలా పైకి కమ్ముతాయి. ఫొటో కోసం ఒక్కటే చూడగలిగితే లోపలిదాన్నే చూడండి. అదే సమయంలో, నవంబర్ 1 నుంచి 15 దాకా, గ్యోఎన్‌లో చేమంతుల ప్రదర్శన ఉంటుంది. పూజకు, జడకు చేమంతిని వాడే మనవాళ్లు తప్పక చూడాల్సింది. ఒకే మొదలు నుంచి వందల కొమ్మలు సాగదీసి, ఒక్కో కొమ్మకు ఒక్కో పువ్వు నిలిపి, అన్నీ ఒకే ఎత్తున అర్ధగోళంలా పూసేట్టు ఏడాది పొడవునా పెంచుతారు. దగ్గరికెళ్లి ఆకుల కిందకు చూస్తే పువ్వులన్నింటినీ పట్టి ఉంచే సన్నని చట్రం, ఆఖరున నేలలోకి దిగే ఆ ఒక్క కాండం కనిపిస్తాయి. ఈ 15 రోజులు తోటకు వారపు సెలవు ఉండదు.

నవంబర్ 20 నుంచి 30 దాకా షోవా జపనీస్ తోటలో మేపుల్‌లు ఎర్రబడతాయి, సాయంత్రం దీపాల వేళకు వేరే టికెట్ పెడతారు. అప్పటికి గ్యోఎన్‌లో ప్లేన్ చెట్ల నాలుగు వరుసలు రాగి రంగుకు వస్తాయి. ఆకులు రెండు అరచేతులంత ఉంటాయి, నడుస్తుంటే కాళ్ల కింద కరకరలాడతాయి. నవంబర్ ఆఖరు నుంచి డిసెంబర్ 10 దాకా గ్యోఎన్ మేపుల్ గుట్ట వంతు. డిసెంబర్ మొదట్లో వచ్చినవాళ్లు షోవాకు వెళ్లకుండా నేరుగా గ్యోఎన్‌కే రావాలి.

ఈ కాలంలో పోయేది సమయం దగ్గరే. నవంబర్ నెలాఖరులో సూర్యుడు 4:30కే అస్తమిస్తాడు. గ్యోఎన్‌లో 4 గంటల తర్వాత లోపలికి రానివ్వరు, 4:30కి మూసేస్తారు, షోవా కూడా 4:30కే. మధ్యాహ్నం భోజనం చేసి నెమ్మదిగా 2 గంటలకు బయల్దేరితే షోవాలో గంట కూడా దక్కదు. పొద్దున తెరిచే వేళకు చేరండి. మంచి వెలుగు కావాలంటే 2 నుంచి 3:30 మధ్య, వాలుగా పడే ఎండ ఆకుల వెనక నుంచి వస్తుంది. వాన వెలిసిన మర్నాడు గింకో ఆకుల మీద జారతారు, నున్నటి అడుగున్న బూట్లు వద్దు. రాలిన గింకో కాయలను తొక్కితే ఆ వాసన ఇంటిదాకా వస్తుంది.

డిసెంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి దాకా ఆకాశం నీలంగా, గాలి పొడిగా ఉంటుంది, పార్కులు ఖాళీ. ఉయెనో తోషోగు మందిరం తోటలో జనవరి మొదలు ఫిబ్రవరి మధ్య దాకా పియొనీ పూలకు ఒక్కోదానికీ గడ్డి టోపీ వేసి చలి నుంచి కాపాడతారు. తోటకు విడిగా టికెట్ ఉంటుంది. జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా టోక్యో తూర్పున భారతీయులు ఎక్కువగా ఉండే నిషి కసాయి ప్రాంతపు తెలుగు కుటుంబాలకు దగ్గర్లోనే ఉన్న కసాయి రింకాయ్ పార్కులో నార్సిసస్ పూస్తాయి, వాటి వెనకే 117 మీటర్ల జెయింట్ వీల్. చలిలో గంటన్నర చాలనుకునే పిల్లల తల్లిదండ్రులకు ఇదే మంచిది.

ఎవరితో వెళ్తున్నారు

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులుంటే గ్యోఎన్. దారులు చాలావరకు చదునుగా ఉంటాయి, బెంచీలు ఎక్కువ, ద్వారాల దగ్గర వీల్‌చెయిర్ ఉచితంగా ఇస్తారు. ఓకిదో ద్వారం నుంచి ప్లేన్ చెట్ల వరుసలు, అక్కణ్నుంచి జపనీస్ తోట చెరువు, 1927లో కట్టిన తైవాన్ మంటపం, ఆపైన షింజుకు ద్వారం, ఇది రెండు గంటల నెమ్మది నడక. తోట చుట్టుకొలత 3.5 కిలోమీటర్లు, మొత్తం చుట్టాలని పట్టుబట్టొద్దు.

పిల్లలుంటే షోవా, మరో మాట లేదు. గ్యోఎన్‌లో బంతి, షటిల్ రాకెట్, వాయిద్యం ఏదీ అనుమతించరు. షోవా పిల్లల అడవిలో తెల్లని గాలి దిమ్మలు, రంగు వలల ఊయలలు, కృత్రిమ పొగమంచు ఉన్నాయి. దాదాపు 14 కిలోమీటర్ల సైకిల్ బాట విడిగా ఉంది, నడిచేవాళ్లతో పేచీ లేదు. తచికావా, నిషి తచికావా ద్వారాల దగ్గర సైకిళ్లు అద్దెకిస్తారు. సైకిల్‌ను పూలమళ్ల దాకా తీసుకెళ్లనివ్వరు, స్టాండులో పెట్టి నడవాలి, తాళం నంబరు ఫొటో తీసుకోండి. పాపీల గుట్ట నిషి తచికావా ద్వారం నుంచి దూరం, చిన్నపిల్లలుంటే లోపల తిరిగే పార్క్ ట్రెయిన్ ఎక్కండి. నిషి తచికావా స్టేషన్ నుంచి ద్వారం రెండు నిమిషాలే, తచికావా స్టేషన్ నుంచి నడక 15 నిమిషాలు.

తిండి ఇంటి నుంచే కట్టుకోండి. పులిహోర, పెరుగన్నం రెండూ చలికి ఆగుతాయి. శాకాహారులు దుకాణంలో అన్నం ముద్ద కొంటే లోపలి పదార్థం శాకమే అయినా చేప రసం కలిసి ఉండొచ్చు, ఉప్పు మాత్రమే వేసిన ముద్దను అడిగి, అట్ట మీద పదార్థాలు చూసుకుని తీసుకోండి. పట్టా మీద డబ్బా తెరిచి పెట్టి ఫొటోలకు లేవకండి, టోక్యో కాకులు మన కాకులకంటే పెద్దవి, జంకవు. చెత్త సంచి తప్పక ఉండాలి, ఇంటికి తీసుకెళ్లాల్సి వస్తుంది.

నిషి కసాయి నుంచి గ్యోఎన్‌కు తొజాయ్ లైన్‌లో ఈదబాషి దాకా వచ్చి, పసుపు రంగు సోబు లోకల్ ఎక్కి మూడు స్టేషన్ల తర్వాత నాలుగోదైన సెందగయాలో దిగండి. షింజుకు స్టేషన్ చిక్కుల్లో పడకుండా ఐదు నిమిషాల నడకలో ద్వారం. ఉయెనోకు అయితే నిహోన్‌బాషిలో గింజా లైన్‌కు మారాలి.

సోమవారం గ్యోఎన్‌కు సెలవు, అది ప్రభుత్వ సెలవు రోజైతే మర్నాడు మూస్తారు. మార్చి 25 నుంచి ఏప్రిల్ 24 దాకా, చేమంతుల రోజుల్లో మాత్రం రోజూ తెరుస్తారు. ఉయెనో జూ, మ్యూజియాలు కూడా చాలావరకు సోమవారమే మూసేస్తాయి. ఖాళీ సోమవారం ఒక్కటే దొరికితే షోవాకు వెళ్లండి. సంవత్సరాంతపు సెలవులు మాత్రం షోవాకూ, గ్యోఎన్‌కూ ఉంటాయి, గ్యోఎన్‌కు డిసెంబర్ 29 నుంచి జనవరి 3 దాకా.